దానం వేరు, వాటా వేరు

బొగ్గుబాయిల ప్రాంతంలో ఏ సభ జరిగినా వేదిక మీద ఒక కుర్చీ "సతీమణి గారి"ది ఉంటుంది. జనరల్ మేనేజర్ గారి సతీమణి కావచ్చు, ఎమ్మెల్యే గారి సతీమణి కావచ్చు. ఆమె చేతుల మీదుగా కుట్టుమిషన్లు, దుప్పట్లు, సర్టిఫికెట్లు, పిల్లలకు నోటుపుస్తకాలు పంచుతారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఈ పని మంచిదా చెడ్డదా అని ఎవరూ అడగరు. పుచ్చుకునేవాళ్ళు అడగలేరు. ఇచ్చేవాళ్ళకు అడగాల్సిన అవసరం రాదు.

మేము ఆదివాసీ ఉపాధ్యాయులం. పుచ్చుకునే ఇళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళం. ఇయ్యాల పంపకాల రోజున పిల్లలను వరుసలో నిలబెట్టే పని కూడా మా మీదనే పడుతుంది. రెండు దిక్కులా ఉన్నవాళ్ళం కాబట్టి ఈ ప్రశ్న మేమే అడగాలి అనుకుంటున్నాం. ఓట్లతో గెలవని, పరీక్ష రాసి రాని ఒక మనిషి, భర్త అధికారం నీడన నిలబడి పేద ఆడవాళ్ళకు, పిల్లలకు మేలు చేస్తే దాన్ని మనం ఏమనాలి? సేవ అనాలా, సాధికారత అనాలా, లేక పాత దొరసాని పెట్టిన పండుగ బువ్వ అనాలా?

ముందు ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. గోదావరిఖని, యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ, అట్లాగే బెల్లంపల్లి, మందమర్రి, కొత్తగూడెం దాకా సింగరేణి సేవా సమితి అనే పేరు అందరికీ తెలిసిందే. కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళకు, ప్రభావిత గ్రామాల ఆడపిల్లలకు కుట్టు, మగ్గం పని, బ్యూటీషియన్ లాంటి వృత్తి శిక్షణలు ఇస్తారు. ఏరియాలో సేవా అధ్యక్షురాలుగా ఉండేది సాధారణంగా అక్కడి జనరల్ మేనేజర్ గారి భార్య. ఆయన బదిలీ అయితే ఆమె పదవీ బదిలీ అవుతుంది. ఈ శిక్షణలతో ఇల్లు నిలబెట్టుకున్న ఆడవాళ్ళు ఉన్నారు. తాగుడుతో భర్త మస్టర్లు పోగొట్టుకుంటే, జాకెట్లు కుట్టి పిల్లల ఫీజు కట్టిన తల్లులు మా బడి తల్లిదండ్రుల సమావేశాలకు వస్తారు. వాళ్ళ కష్టాన్ని, వాళ్ళకు సూది పట్టడం నేర్పిన కేంద్రాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు.

అయితే ఒక అభ్యంతరం మా తోటి చదువుకున్నవాళ్ళు తరచూ చెప్తారు. "ఆమెకు ఆ కుర్చీ మొగుని వల్ల వచ్చింది కదా, ఇంక విలువ ఏముంది?" అంటారు. ఈ మాట మాకు సరిగ్గా అనిపించదు. పెళ్ళి వల్ల వచ్చిన స్థానం దానంతట అదే చిన్నతనం కాదు. కేస్లాపూర్ నాగోబా జాతర చూడండి. మెస్రం వంశంలోకి కొత్తగా వచ్చిన కోడలు "భేటి" అయ్యేదాకా నాగోబా దేవుని దర్శనానికి పోరాదు. పెద్దలు దేవునికి ఆమెను పరిచయం చేసినంక ఆమె ఆ వంశం మనిషి అవుతుంది. ఆ స్థానం ఆమెకు పెనిమిటి వల్లనే వచ్చింది. కానీ వచ్చినంక ఊరికే కూర్చోబెట్టరు. కోనేటి నుంచి నీళ్ళు మోసుకురావాలి, పుట్టమట్టి పనిలో చెయ్యి వెయ్యాలి. తప్పు చేస్తే అడిగే పెద్దలుంటారు. అంటే మా పద్ధతిలో పెళ్ళితో వచ్చిన స్థానానికి పని ఉంది, జవాబు చెప్పుకోవలసిన చోటు ఉంది.

వేదిక మీది కుర్చీకి అదే లేదు. ఎమ్మెల్యేను అయిదేండ్లకొకసారైనా ఓటుతో దించవచ్చు. మేనేజరు మీద కంపెనీకి కాగితం పెట్టవచ్చు. భార్యగా మేలు చేసే మనిషిని ఎవరు, ఏ చోట, ఏమని అడగాలి? లబ్ధిదారుల జాబితా ఎవరు రాశారు, పక్క గూడెం పేరు ఎందుకు లేదు అని అడిగితే, "మేడం ఇష్టంతో ఇస్తున్నారు, అదీ అడుగుతారా" అంటారు. ఇష్టంతో ఇచ్చేదాన్ని ప్రశ్నించలేం. ఆ ఇచ్చేది నిజంగా ఆమె ఇష్టమేనా, ఆమె సొమ్మేనా అన్నది అక్కడనే తేల్చుకోవాలి.

మన సామెత ఒకటి ఉంది: అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. అంటే అది జనం సొమ్ము. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం గోదావరి రెండు ఒడ్లకూ పాకింది. ఆ తవ్వకం కింద పోయిన భూముల్లో కోయలవి, గోండులవి, నాయకపోడులవి ఎన్నో ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, చట్టంలో చెప్పిన పరిమాణం దాటిన ప్రతి కంపెనీ గత మూడేండ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఇది ఎవరి దయా కాదు, చట్టం.

ఇంకొకటి ఇంతకన్న ముఖ్యం. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి సంస్థలను పెట్టారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకైతే కంపెనీ కట్టే రాయల్టీ మీద 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చిన వాటికి 10 శాతం ఆ నిధికి జమ కావాలి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళకే. అందులో కనీసం 60 శాతం ముఖ్య అవసరాలకు పెట్టాలని మొదట నియమం పెట్టారు. ఆ అవసరాల్లో తాగునీరు, ఆరోగ్యం, చదువుతో పాటు "మహిళా శిశు సంక్షేమం", నైపుణ్య శిక్షణ పేరు పెట్టి మరీ ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో అయితే ఆ పనుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం కావాలి, ఏటా లెక్క గ్రామసభ ముందు పెట్టాలి. రామగుండం షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి ఇక్కడ ఆ గ్రామసభ నియమం వర్తించదు. మణుగూరు వైపు మన చుట్టాలకు వర్తిస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఒక ఊరి పక్కన ఓపెన్‌కాస్టు వచ్చింది. బ్లాస్టింగుకు గోడలు నెర్రెలిచ్చాయి, బావుల్లో నీళ్ళు దిగిపోయాయి, మట్టికుప్ప గుట్టంత పెరిగింది. ఆ ఊరి ఆడమనిషికి ఒక కుట్టుమిషను వచ్చింది. అదే మిషను, అదే కంపెనీ తయారీ, అదే ధర. ఖనిజ నిధి నుంచి గ్రామసభ తీర్మానంతో వస్తే అది ఆమె వాటా. వేదిక మీద సతీమణి గారి చేతి నుంచి వస్తే అది దానం. రెండింటి దారమూ ఒకటే. కానీ వాటా తీసుకున్న మనిషి మర్నాడు "తాగునీరు ఏది?" అని అడుగుతుంది. దానం తీసుకున్న మనిషి అడగడానికి మొహమాటపడుతుంది. ఒక్కోసారి ఆ మొహమాటం కోసమే దానం పెడతారేమో అని మా అనుమానం. అందరూ అట్లనే అని మేము అనము. ఇచ్చేవాళ్ళ మనసు మంచిదైనా, ఆ మొహమాటం మాత్రం పుడుతూనే ఉంటుంది.

వాటా అనే మాట కార్మికునికి కొత్తది కాదు. ఏటా దసరా దగ్గరికొస్తే బాయిల మీద అందరి నోట ఒకటే మాట: లాభాల్లో వాటా ఎంత శాతం? 2024లో 33 శాతం ప్రకటించారు. అది మొత్తం లాభం మీదనా, విస్తరణకు పక్కకు తీసినంక మిగిలినదాని మీదనా అని సంఘాలు గట్టిగా నిలదీశాయి. ఏ కార్మికుడూ ఆ డబ్బు తీసుకుని మేనేజరు ఇంటికి పోయి దండం పెట్టలేదు. ఎందుకంటే అది తన చెమట అని అతనికి తెలుసు. అదే సంవత్సరం మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు తలా 5,000 రూపాయలు ఇచ్చారు. శాతం కాదు, ఒక మొత్తం. మెట్టు మెట్టుకూ మాట ఎట్లా మారుతుందో చూడండి. పర్మినెంటు కార్మికునికి వాటా, కాంట్రాక్టు కార్మికునికి ఒక మొత్తం, భూమి పోయిన ఊరి ఆడమనిషికి దానం. ఎవరి కింద బొగ్గు ఉన్నదో వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి హక్కు కాస్తా దయ అయింది.

ఆదివాసీకి వాటా అంటే ఇంకా పాతది. వేట ఉన్న రోజుల్లో జంతువు దొరికితే ఊరిలో ప్రతి ఇంటికీ కుప్ప వేసేవాళ్ళని మా పెద్దలు చెప్తారు. వేటకు పోలేని ముసలివాళ్ళ ఇంటికి, మగదిక్కు లేని ఇంటికి కూడా కుప్ప ఉండేది. ఆ ఇంటివాళ్ళు వచ్చి బాణం వేసినవానికి మొక్కాలని ఎవరూ అనుకోలేదు. అడవి అందరిదైనప్పుడు అడవిలో దొరికింది కూడా అందరిదే. వేటగానికి పేరుంటుంది, గౌరవం ఉంటుంది. కానీ మాంసం అతని దానం కాదు. ఈ తేడా అక్షరం రాని మా తాతలకు తెలుసు. ఫ్లెక్సీలు కట్టే చదువుకున్నవాళ్ళకు తెలియడం లేదు.

సాధికారత అనే పెద్ద మాట గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. ఒకే కాలనీలో ముప్పై మందికి కుట్టు నేర్పితే ముప్పై మందికీ గిరాకీ దొరకదు. రెడీమేడు దుకాణాలు వచ్చినంక ఇంకా కష్టం. ఆడవాళ్ళు అనగానే కుట్టు, అల్లిక, ముగ్గు దగ్గరనే మన ఆలోచన ఎందుకు ఆగిపోతుంది? 1952 గనుల చట్టం 46వ సెక్షను ఆడవాళ్ళను భూగర్భ గనుల్లోకి పోనివ్వలేదు. రక్షణ కోసమే ఆ నియమం పెట్టారు అన్నారు. కానీ దానితో మంచి జీతం ఉన్న పనుల తలుపులు మూసుకుపోయాయి. 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఆ నియమం సడలించింది. బాయి పని ఆడవాళ్ళకు ఇంపైనదా కాదా అన్నది వేరే చర్చ. మేము చెప్పేది ఒకటే. చట్టం ఒక తలుపు మూసినప్పుడు ఆ తలుపు గురించి మాట్లాడకుండా కుట్టుమిషను చేతికిచ్చి "సాధికారత" అంటే, ఆ మాటకున్న బరువు పోతుంది. అధికారం ఉన్న ఇంటి మనిషి ఇవ్వగలిగిన అసలు బహుమానం ఆ తలుపు గురించి భర్తను అడగడమే. కాంట్రాక్టు స్వీపరమ్మకు కనీస వేతనం ఎందుకు సరిగ్గా రాలేదని రాత్రి అన్నం తినేటప్పుడు అడిగితే, అది పది కుట్టుమిషన్ల పెట్టు. దానికి ఫొటో మాత్రం ఉండదు.

అధికారం ఉన్నవాళ్ళ ఇంటి ఆడవాళ్ళు చేసిన పనులన్నీ ఒకే గాటన కట్టడం కూడా అన్యాయం. తెలుగు నేల మీద మూడు ఉదాహరణలు చూద్దాం.

దుర్గాబాయి గారు 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్ళి చేసుకుని మంత్రి భార్య అయ్యారు. అదే ఏడు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆమె విషయంలో పని ముందు, పెళ్ళి తర్వాత. పైగా ఆమె చేసినది పంపకం కాదు, ఆడవాళ్ళు చదువుకుని సొంత కాళ్ళ మీద నిలబడే సంస్థ. మంత్రి గారు 1956లో రాజీనామా చేసినా ఆ సంస్థకు ఏమీ కాలేదు. ఇయ్యాల్టికీ ఆంధ్ర మహిళా సభ ఉంది. మనిషి పోయినా, పదవి పోయినా పని నిలబడుతుందా అన్నది మంచి కొలత.

రెండో ఉదాహరణ ఎన్టీఆర్ ట్రస్టు. 1997లో పెట్టిన ఈ సంస్థను చంద్రబాబు నాయుడు గారి భార్య నారా భువనేశ్వరి గారు మేనేజింగ్ ట్రస్టీగా నడిపిస్తున్నారు. రక్తనిధులు, పాఠశాలలు, విపత్తుల్లో సాయం దాని పనులు. 2025 ఫిబ్రవరిలో విజయవాడలో తలసేమియా రోగుల కోసం సంగీత కార్యక్రమం పెట్టారు. రాజకీయ కుటుంబం చేసే సేవలో రాజకీయం ఉంటుందా అంటే ఉంటుంది. పార్టీ వ్యవస్థాపకుని పేరే సంస్థ పేరు. కానీ రక్తం విషయం మమ్మల్ని ఆలోచింపజేసింది. మా గూడేల్లో సికిల్‌సెల్ జబ్బు ఉన్న పిల్లలకు రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆ సంచి మీద రక్తం గ్రూపు రాసి ఉంటుంది, తేదీ రాసి ఉంటుంది. ఇచ్చినవారి ఫొటో ఉండదు. ఏ కులపాయనదో, ఏ పార్టీవానిదో బిడ్డకు తెలియదు. బిడ్డ ఎవరికీ దండం పెట్టనక్కర లేదు. దానం అనేది తప్పదు అనుకుంటే అది రక్తదానం లాగా ఉండాలి. అక్కడ కూడా హక్కు లేదని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్‌సెల్ రెండూ చేరాయి. 2023 జూలైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషను మొదలుపెట్టింది. దాత సంచి ఇస్తాడు. సంచి సమయానికి దొరికే ఏర్పాటు మాత్రం ప్రభుత్వం పూచీ.

మూడోది మా ఇంటి ముచ్చట. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైనంక నిజాం ప్రభుత్వం ఆదివాసుల సంగతి చూడక తప్పలేదు. ఆ కాలంలో హైమన్‌డార్ఫ్ గారు వచ్చారు. తర్వాత ప్రభుత్వానికి సలహాదారు అయ్యారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఆయనతో మార్లవాయిలో గోండుల మధ్య ఉన్నారు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. మా లాంటి ఆదివాసీ ఉపాధ్యాయులకు అది తొలి బడి. ఆమె 1987 జనవరి 11న కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. ఇప్పటికీ ప్రతి జనవరి 11న అక్కడ ఆ దంపతులను తలుచుకుంటారు. ఆమె కూడా ఒక అధికారి భార్యనే. కానీ మా వాళ్ళు ఆమెను తలుచుకునేది పంచిపెట్టిన వస్తువులతో కాదు. మా ఊళ్ళో ఉన్నది, మా మధ్యన మెలిగింది అని తలుచుకుంటారు. ఒక మాట మాత్రం మరువరాదు. ఆ రోజుల్లో ఆదివాసులకు భూమి పట్టాలు దొరికాయంటే దాని వెనుక భీం రక్తం ఉంది. సలహాదారు మంచివాడు కాబట్టి మాత్రమే రాలేదు. పట్టా వచ్చినప్పుడు అది దున్నేవాని పేరు మీద వచ్చింది, ఇచ్చినవాని పేరు మీద కాదు.

దీనికి ఒక గట్టి ఎదురు ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి పోవడం సరికాదు. "మీరు హక్కులు, గ్రామసభ, ఖనిజ నిధి అంటూ కూర్చోండి. అవి వచ్చేసరికి ఎన్నేండ్లో. ఈ చలికాలం ఆ ముసలమ్మకు దుప్పటి ఎవరిస్తారు? ఈ జూన్‌లో ఆ పిల్లకు నోటుపుస్తకాలు ఎవరు కొంటారు?" నిజమే. ఆకలికి తారీఖు చెప్పలేం. దుప్పటి ఇచ్చే చేతిని కొట్టమని మేము చెప్పం. తీసుకునే ముసలమ్మను ఆత్మగౌరవం పేరిట నిందించం. కడుపు నిండినవాళ్ళు పేదవాళ్ళకు ఆత్మగౌరవం గురించి పాఠం చెప్పడం కూడా ఒక రకం దొరతనమే. మేము అనేది ఇంతే. దుప్పటి ఈ చలికి జవాబు, వచ్చే ఏటి చలికి కాదు. ప్రతి ఏటా అదే వేదిక, అదే దుప్పటి, అదే ముసలమ్మ కనిపిస్తే, సేవ ఆమె పేదరికాన్ని తీర్చలేదు, దాని మీద బతుకుతోందన్నమాట.

మా తరగతి గదిలో ఈ ప్రశ్న రోజూ ఉంటుంది. పంపకాల రోజున పిల్లలు ఎండలో నిలబడి అతిథి కోసం ఎదురుచూస్తారు. "థాంక్యూ మేడం" అని ఒక్క గొంతుతో అనాలని ముందే నేర్పమంటారు. కృతజ్ఞత మంచి గుణమే, పిల్లలకు అది నేర్పాలి. కానీ 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలకు ఉచిత చదువు హక్కు అన్నది. పుస్తకం తన హక్కు అని తెలియని బిడ్డకు ముందు దండం నేర్పితే, పెద్దయినంక ఆ బిడ్డ ఓటరు కాడు, లబ్ధిదారు అవుతాడు. కాబట్టి మేము పిల్లలకు రెండు మాటలూ చెప్తున్నాం. ఎవరైనా మంచి చేస్తే కళ్ళల్లోకి చూసి సంతోషంగా మంచిమాట చెప్పండి. తల దించకండి. మీరు వాళ్ళకు బాకీ పడలేదు. తల ఎత్తి చెప్పిన మంచిమాట విని నిజంగా సేవ చేసే మనిషి సంతోషపడుతుంది. ఎవరికైనా కోపం వస్తే, వాళ్ళు ఇచ్చింది దానం కాదు, అప్పు అని తేలిపోతుంది.

మరి సేవ చేసే సతీమణులను ఏం కోరుదాం? నాలుగే. సొమ్ము ఎవరిదో వేదిక మీదనే చెప్పండి: కంపెనీదైతే కంపెనీది, ఖనిజ నిధిదైతే ఖనిజ నిధిది, మీ సొంతమైతే మీ సొంతం. జాబితా మీ ఇంట్లో కాకుండా ఊళ్ళో, ఆడవాళ్ళు కూర్చున్న చోట రాయించండి. పిల్లల ముఖాలను మీ ఫ్లెక్సీల మీద వేయకండి. నాలుగోది కష్టమైనది. అడిగే ఆడమనిషిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. భూమి ఏమైంది, నీళ్ళు ఏమైనాయి, జీతం ఎందుకు కోత పడింది అని ఆమె అడిగినప్పుడు మీ భర్త వైపు కాక ఆమె వైపు నిలబడండి.

మా ఆడవాళ్ళను కూడా ఒకటి అడుగుదాం. మిషను వస్తే తీసుకోండి, కుట్టండి, బతకండి. కానీ గ్రామసభ ఉన్న ఊళ్ళో గ్రామసభకు పోవడం మానకండి. అది లేని చోట ఖనిజ నిధి లెక్క కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, మేము రాసి పెడతాం. ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. మంచివాళ్ళను కూడా లెక్క అడగవచ్చు. వేట కుప్పలు వేసే రోజుల్లో మా తాతలు చేసింది కూడా అదే. తమ కుప్ప చిన్నగా కనిపిస్తే, బాణం వేసినవాడు ఎంత గొప్పవాడైనా, అక్కడనే నిలబడి అడిగేవాళ్ళు.